త్రికోణం లేని ట్రైబెకా

న్యూయార్క్ మ్యాపులో మాన్‌హటన్ దక్షిణపు కొస దగ్గర, కెనాల్ స్ట్రీట్‌కు దిగువన, ట్రైబెకా అనే పేట ఉంటుంది. ‘ట్రయాంగిల్ బిలో కెనాల్’ అనే మూడు మాటల్లోంచి తలా ఒక ముక్క తీసి కుట్టిన పేరది. కెనాల్ స్ట్రీట్‌కు కింద ఉన్న త్రికోణం అని అర్థం. అర్థం తెలిశాక మళ్లీ మ్యాపు చూస్తే తిరకాసు మొదలవుతుంది. ఉత్తరాన కెనాల్ స్ట్రీట్, తూర్పున బ్రాడ్‌వే, పడమర నది ఒడ్డున వెస్ట్ స్ట్రీట్, దక్షిణాన ఛేంబర్స్ స్ట్రీట్. కొందరు దక్షిణపు హద్దును ఇంకాస్త కిందికి, వీజీ స్ట్రీట్ దాకా లాగుతారు. ఎలా లాగినా నాలుగు వైపులు తేలతాయి. ఎటు తిప్పి చూసినా అది చతుర్భుజమే.

అలాగని ఆ త్రికోణం అబద్ధం కాదు. నిజంగానే ఉంది. కాకపోతే అది ఒకే ఒక్క బ్లాక్. బ్రాడ్‌వే, చర్చ్, కెనాల్, లిస్పెనార్డ్ వీధుల మధ్య ఇరుక్కున్న ఆ చిన్న ముక్క సిటీ ప్లానింగ్ మ్యాపుల్లో త్రికోణంలా కనబడేది. 1970ల మొదట్లో అక్కడ ఉంటున్నవాళ్లు తమ ఒక్క బ్లాక్ కోసం పెట్టుకున్న పేరు చుట్టుపక్కల బ్లాకులన్నిటికీ పాకింది. అదీ దాదాపు పొరపాటున.

ఆ పొరపాటును కాస్త విప్పి చూస్తే నగరాల్లో చిన్న పేటలు ఎలా పుడతాయో తెలుస్తుంది. ముందు పేట ఉంటుంది, తర్వాత దానికి పేరు వస్తుంది అని మామూలుగా అనుకుంటాం. ఇక్కడ వరస తిరగబడింది. ముందు కొందరికి ఒక కాగితం కావలసి వచ్చింది. ఆ కాగితం మీద రాయడానికి ఒక పేరు కావలసి వచ్చింది. పేట ఆ తర్వాత పుట్టింది.

కెనాల్ స్ట్రీట్ పేరులో మాత్రం ఇలాంటి మెలిక లేదు. అక్కడ నిజంగా కాలువ ఉండేది. కాలువకు ముందు దగ్గర్లోనే కలెక్ట్ పాండ్ అనే మంచినీటి చెరువు ఉండేది. 18వ శతాబ్దంలో దాని గట్టున తోళ్ల కర్మాగారాలు, కబేళాలు, బీరు బట్టీలు వచ్చి అది మురికి గుంటగా మారింది. 1811 నాటికి పూడ్చేశారు. నీళ్లు హడ్సన్ నదిలోకి పోవడానికి తవ్విన కాలువ కూడా కంపు కొట్టడంతో 1819 ప్రాంతంలో దాన్నీ పైన కప్పేశారు. ఆ కప్పు మీద నడిచేదే కెనాల్ స్ట్రీట్. పడమటి వైపున్న చిత్తడి నేలను లిస్పెనార్డ్ మెడోస్ అనేవారు. అది ఆ భూములున్న కుటుంబం ఇంటిపేరు. లిస్పెనార్డ్ స్ట్రీట్ అలా వచ్చింది.

ఉత్తరాన కొంచెం దూరంలో ఉన్న హౌస్టన్ స్ట్రీట్‌దీ ఇలాంటి కథే. అక్కడి భూస్వామి నికోలస్ బేయార్డ్ తన పొలంలో వీధి వేయించి, దానికి అల్లుడి పేరు పెట్టాడు. ఆ అల్లుడు జార్జియా రాష్ట్రం తరఫున కాంటినెంటల్ కాంగ్రెస్ అనే అమెరికా తొలినాటి చట్టసభలో కూర్చున్న విలియం హౌస్టన్. టెక్సస్‌లోని హ్యూస్టన్ నగరానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇంగ్లిష్‌లో రెండింటి స్పెల్లింగూ ఇప్పుడు ఒకటే కావడంతో కొత్తగా వచ్చినవాళ్లు వీధిని కూడా ‘హ్యూస్టన్’ అని పలికి ఊరికి కొత్తని బయటపడిపోతారు. తెలుగులో రాస్తే ఆ గొడవే ఉండదు, లిపే తేడా చెప్పేస్తుంది.

వీధుల పేర్ల వెనక భూస్వాములు ఉన్నారు, పొలాలు ఉన్నాయి, ఒక కాలువ ఉంది. పేటల పేర్ల దగ్గరికి వచ్చేసరికి సంగతి మారుతుంది. ట్రైబెకా అర్థం కావాలంటే కాలువకు అవతల ఉన్న సోహో నుంచి మొదలుపెట్టాలి. ఆ పేరే లేకపోతే ఈ పేరు లేదు.

సోహో అంటే ‘సౌత్ ఆఫ్ హౌస్టన్’, హౌస్టన్ స్ట్రీట్‌కు దక్షిణం. 1950ల చివర ఆ ప్రాంతాన్ని ఎవరూ అలా పిలిచేవారు కాదు. 19వ శతాబ్దంలో పోత ఇనుము ముఖభాగాలతో కట్టిన అయిదారు అంతస్తుల భవనాలు, వాటిలో బట్టల పరిశ్రమలు, పాత గుడ్డల గోదాములు, చిన్నచిన్న వర్క్‌షాపులు ఉండేవి. అగ్నిప్రమాదాలు ఎంత తరచుగా జరిగేవంటే, ఫైర్ డిపార్ట్‌మెంట్ దానికి ‘హెల్స్ హండ్రెడ్ ఏకర్స్’ అని పేరు పెట్టింది. నరకంలో నూరెకరాలు అన్నమాట. అది పేట పేరు కాదు, ప్రమాద హెచ్చరిక. పైగా నగరంలో రోడ్లు, వంతెనలు వేయించిన బలమైన అధికారి రాబర్ట్ మోజెస్ ఆ భవనాల మీదుగా లోయర్ మాన్‌హటన్ ఎక్స్‌ప్రెస్‌వే అనే పెద్ద రోడ్డు వేయాలని పట్టుబట్టాడు. కూల్చడానికి సిద్ధంగా ఉన్న చోటుకు పేరెందుకు?

1960ల మొదట్లో సిటీ ప్లానింగ్ కమిషన్ కోసం చెస్టర్ రాప్కిన్ అనే ఆర్థిక, ప్రణాళిక నిపుణుడు ఆ ప్రాంతం మీద ఒక అధ్యయనం చేశాడు. ‘సౌత్ హౌస్టన్ ఇండస్ట్రియల్ ఏరియా’ అన్నది ఆ రిపోర్టులో వాడిన పేరు. బయటికి పాడుబడినట్టు కనిపిస్తున్నా లోపల చిన్న పరిశ్రమలు బతికే ఉన్నాయనీ, నల్లజాతివారు, ప్యూర్టోరికో నుంచి వచ్చినవారు ఎందరో అక్కడ పని చేసుకుంటున్నారనీ, కూల్చడం తెలివైన పని కాదనీ దాని సారాంశం. అంటే సోహో అన్న రెండక్షరాల మూలం ఒక పారిశ్రామిక సర్వే. కళ కోసం కాదు, గుడ్డలు కుట్టే కూలీల ఉద్యోగాల కోసం రాసిన కాగితం. తర్వాత ఆ పేరు మోసిన ఖరీదైన జీవితానికీ ఈ పుట్టుకకూ ఉన్న దూరం తలచుకుంటే నవ్వొస్తుంది.

అదే సమయంలో ఖాళీ అవుతున్న అంతస్తుల్లోకి చిత్రకారులు, శిల్పులు దొంగచాటుగా చేరారు. ఎత్తైన పైకప్పు, పెద్ద కిటికీలు, తక్కువ అద్దె. పెద్ద కాన్వాసు పెట్టుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? అయితే జోనింగ్ ప్రకారం, అంటే ఏ చోటును దేనికి వాడాలో చెప్పే సిటీ నియమాల ప్రకారం, అది పరిశ్రమల ప్రాంతం. అక్కడ పని చేయొచ్చు, పడుకోకూడదు. మంచం కనిపిస్తే ఖాళీ చేయించే ప్రమాదం ఉండేది. 1961లో కొంత రాజీ కుదిరింది. భవనం బయట ‘ఎ.ఐ.ఆర్.’ అని చిన్న బోర్డు పెట్టాలి. లోపల కళాకారుడు నివాసం ఉంటున్నాడని దాని అర్థం. నిప్పంటుకుంటే లోపల మనుషులున్నారని ఫైర్ సిబ్బందికి తెలియాలి కదా.

1960ల చివరికి ఆ కళాకారులు సంఘం కట్టారు. సంఘానికి పేరు కావాలి. ప్లానింగ్ కాగితాల్లో ఉన్న సౌత్ హౌస్టన్‌నే కుదించి సోహో ఆర్టిస్ట్స్ అసోసియేషన్ అన్నారు. లండన్‌లో అప్పటికే మూడు శతాబ్దాల నాటి సోహో ఉంది. వేటకుక్కలను ఉసిగొల్పే కేకలోంచి ఆ పేరు వచ్చిందంటారు. ఆ పాత పేరు మోత కొత్త పేరుకు కలిసొచ్చింది. 1969లో ఎక్స్‌ప్రెస్‌వే ఆలోచన పూర్తిగా అటకెక్కింది. 1971లో సిటీ జోనింగ్ మార్చి, కళాకారులు అక్కడ చట్టబద్ధంగా ఉంటూ పని చేసుకోవచ్చంది. దానికో షరతు ఉంది. ‘ఇతను కళాకారుడే’ అని సిటీ సాంస్కృతిక శాఖ సర్టిఫికెట్ ఇవ్వాలి. బొమ్మలు వేసేవాడు తాను బొమ్మలు వేస్తానని ప్రభుత్వం చేత సంతకం పెట్టించుకోవాల్సిన పేట ప్రపంచంలో ఇంకెన్ని ఉంటాయో. 1973లో దాదాపు 500 భవనాలతో సోహో కాస్ట్ ఐరన్ హిస్టారిక్ డిస్ట్రిక్ట్ ఏర్పడింది. పదేళ్ల కిందట కూల్చేద్దామనుకున్న చోటు చారిత్రక కట్టడాల జాబితాలోకి ఎక్కింది.

ఇందులో గమనించాల్సింది హద్దు. పేటకు హద్దు గీసింది కొండో వాగో కాదు, జోనింగ్ మ్యాపు మీద పెన్ను. సోహో దక్షిణపు గీత కెనాల్ స్ట్రీట్ దగ్గర ఆగింది. గీతకు ఇటు ఉన్నవాళ్లు చట్టబద్ధం, రోడ్డు దాటి అటు ఉన్నవాళ్లు చట్టవిరుద్ధం. రెండు వైపులా అవే పాత భవనాలు, అలాంటి కిటికీలే, అలాంటి చిత్రకారులే.

లిస్పెనార్డ్ స్ట్రీట్ బ్లాక్‌లో ఉన్నవాళ్లకు మండింది ఇక్కడే. సోహో వాళ్లకు ఇచ్చింది మాకెందుకు ఇవ్వరు? వాళ్లూ సోహో దారే పట్టారు. సంఘం పెట్టారు, పేరు పెట్టారు. ప్లానింగ్ మ్యాపులో తమ బ్లాక్ ఆకారం చూసి ‘కెనాల్ కింది త్రికోణం’ అనుకున్నారు. దాన్ని సోహో పద్ధతిలో కుదిస్తే ట్రైబెకా వచ్చింది. 1973లో జోనింగ్ వివాదానికి సంబంధించి దాఖలు చేసిన చట్టపరమైన పత్రాల్లో ట్రైబెకా ఆర్టిస్ట్స్ కో-ఆప్ అనే పేరు కనిపిస్తుంది. స్థానిక చరిత్ర తెలిసినవాళ్లు చెప్పేదాని ప్రకారం, ఒక పత్రికా విలేఖరి ఆ పేరు చూసి, అది ఒక్క బ్లాక్‌ది కాదు, కెనాల్‌కు దిగువనున్న ఆ ప్రాంతమంతటిదీ అనుకుని రాసేశాడు. పేపర్లో పడ్డాక ఇక దిద్దేదెవరు? చదివినవాళ్లు వాడారు, వాడినవాళ్లను చూసి ఇంకొకరు వాడారు. 1976లో సిటీ అక్కడి జోనింగ్‌ను కూడా మార్చి నివాసాలకు దారి ఇచ్చింది.

విలేఖరి తప్పు రాస్తే మాత్రం ఒక ప్రాంతమంతా పేరు మార్చేసుకుంటుందా? మామూలుగా అయితే మార్చుకోదు. ఆ తప్పు నిలబడటానికి కారణం వేరే ఉంది. అప్పటికి ఆ ప్రాంతం పేరు లేకుండా ఖాళీగా ఉంది.

అంతకుముందు దానికి పేర్లు లేక కాదు. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ సెయింట్ జాన్స్ పార్క్ అనే చక్కని తోట, దాని చుట్టూ సంపన్నుల ఇళ్లు ఉండేవి. ఆ భూమి ట్రినిటీ చర్చిది. 1860ల చివర చర్చి దాన్ని కార్నీలియస్ వాండర్‌బిల్ట్ రైల్వేకు అమ్మేసింది. తోట పోయి గూడ్స్ డిపో వచ్చింది. 1927లో ప్రారంభమైన హాలండ్ టన్నెల్‌లోంచి కార్లు బయటికొచ్చే రౌండ్‌అబౌట్ ఇప్పుడు ఆ స్థలంలో ఉంది. ఒకప్పుడు తోట పేరుతో పిలిచిన చుట్టుపక్కల ప్రాంతానికి తోట పోగానే పేరూ పోయింది.

ఆ తర్వాత వచ్చింది వాషింగ్టన్ మార్కెట్. కూరగాయలు, పళ్లు, గుడ్లు, వెన్న, జున్నుల హోల్‌సేల్ వ్యాపారమంతా ఆ వీధుల్లోనే. హారిసన్ స్ట్రీట్‌లో 1880ల నాటి ఎర్ర ఇటుకల మెర్కంటైల్ ఎక్స్ఛేంజ్ భవనం ఇప్పటికీ నిలబడి ఉంది. మొదట్లో అక్కడ వెన్న, జున్ను ధరలు తేలేవి. దశాబ్దాల పాటు ఆ ప్రాంతాన్ని ‘వాషింగ్టన్ మార్కెట్’ అనే పిలిచారు. 1960లలో హోల్‌సేల్ వ్యాపారాన్ని బ్రాంక్స్‌లోని హంట్స్ పాయింట్‌కు తరలించారు. పాత మార్కెట్ వీధుల్లో కొంత భాగం నేలమట్టమైంది. ఆ జాగాలో 1970ల మధ్యలో ఇండిపెండెన్స్ ప్లాజా అనే 39 అంతస్తుల టవర్లు లేచాయి. మార్కెట్ లేని చోటును మార్కెట్ అని ఎన్నాళ్లు పిలుస్తారు? లోయర్ వెస్ట్ సైడ్ అన్న మాట ఉంది కానీ అది మరీ దిక్కు చెప్పినట్టు ఉంటుంది. పాత పేరుకు ఆధారం పోయి, కొత్త పేరు ఇంకా రాని ఆ సందులోకి విలేఖరి పొరపాటు సరిగ్గా వచ్చి కూర్చుంది.

ఇంకో చిన్న కారణం ఆ పేరు మోతలో ఉంది. సోహో, నోహో, నోలీటా, డంబో, ట్రైబెకా... న్యూయార్క్‌లో పుట్టిన ఈ కుదింపు పేర్లన్నీ అచ్చుతో ముగుస్తాయి. వ్యాకరణం మాటలో చెప్పాలంటే అజంతాలు. తెలుగు నాలుకకు అందుకే ఇవి తేలిగ్గా పలుకుతాయి. ఇంగ్లిష్‌లో ఈ ముగింపు మామూలు కాదు. ఏదో ఇటాలియన్ ఊరి పేరో, ఆఫ్రికా నది పేరో అన్నట్టు ధ్వనిస్తుంది. మొదట్లో ఇంగ్లిష్‌లో ట్రైబెకా రాసేటప్పుడు మధ్యలో రెండు పెద్దక్షరాలు వేసేవారు, కుట్లు ఎక్కడున్నాయో కనిపించేవి. క్రమంగా చాలామంది ఆ పెద్దక్షరాలు మానేశారు. కుట్లు మాసిపోయాయి, గుడ్డ ఒకటే అయింది. పేరు అతుకు అని జనం మరచిపోయాకే పేట నిజంగా పుట్టిందనుకోవచ్చు. 1991, 1992ల్లో ట్రైబెకా పేరుతో నాలుగు హిస్టారిక్ డిస్ట్రిక్టులు వచ్చాయి. ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ ట్రైబెకాలు. ఒక్క బ్లాక్ పేరుకు నాలుగు దిక్కులు మొలిచాయి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత దిగువ మాన్‌హటన్‌కు మళ్లీ జనాన్ని రప్పించాలని రాబర్ట్ డి నీరో, జేన్ రోజెంతాల్, క్రెయిగ్ హాట్కాఫ్ 2002లో ట్రైబెకా ఫిల్మ్ ఫెస్టివల్ మొదలుపెట్టారు. ఆ దెబ్బతో న్యూయార్క్ ఎప్పుడూ చూడని వాళ్లకు కూడా ఆ పేరు తెలిసింది.

కాగితం కావాల్సినవాళ్లు ఎవరైతే పేరు స్వభావం అలా ఉంటుంది. సోహో పేరు ప్లానర్‌ది, అందుకే పొడిగా దిక్కు చెబుతుంది. ట్రైబెకా అక్కడ ఉంటున్నవాళ్లది, అందుకే మ్యాపులోని గీతల భాష మాట్లాడుతుంది. బ్రూక్లిన్‌లో మాన్‌హటన్ బ్రిడ్జి కింద ఉన్న డంబో కథ ఇంకా తమాషా. ‘డౌన్ అండర్ ది మాన్‌హటన్ బ్రిడ్జ్ ఓవర్‌పాస్’ అన్నదానికి కుదింపు అది. అంతకు ముందు అట్టపెట్టెల వ్యాపారి రాబర్ట్ గెయిర్ కర్మాగారాల వల్ల ఆ చోటును గెయిర్‌విల్ అనేవారు, ఫుల్టన్ లాండింగ్ అనీ అనేవారు. 1978లో అక్కడ ఉంటున్నవాళ్లు కావాలనే వెర్రిగా ఉండే పేరు వెతికారని చెబుతారు. సోహో ఏమైందో వాళ్లు కళ్లారా చూశారు. ఇంగ్లిష్‌లో ‘డంబ్’ అంటే తెలివితక్కువ. ఇంత వెకిలి పేరున్న చోట లక్షల డాలర్లు పోసి ఫ్లాటు కొనేదెవరు, బిల్డర్లు ఇటు రారులే అని వాళ్ల లెక్క. లెక్క తప్పింది. వెకిలి పేరే ముద్దుపేరు అయింది. 2007లో డంబో హిస్టారిక్ డిస్ట్రిక్ట్ కూడా వచ్చింది. దిష్టి తగలకుండా పెట్టిన బొట్టునే అందం అన్నట్టుగా ఉంది ఇది.

డంబో ఓటమిలో ఒక విషయం ఉంది. పేరు అర్థం ఏమిటన్నది దాదాపు ఎవరికీ పట్టదు. పేరు ఉందా లేదా అన్నదే పట్టింపు. ఒక ముక్కకు విడిగా పేరు పడగానే, పక్క ముక్క కంటే అది వేరు అని చెప్పడం కుదురుతుంది. వేరు అనగలిగితే వేరే ధర అనొచ్చు.

రియల్ ఎస్టేట్ వాళ్లకు ఈ కిటుకు ముందే తెలుసు. లోయర్ ఈస్ట్ సైడ్ వలస కూలీల ఇరుకు ఇళ్లకు పేరు మోసిన ప్రాంతం. 1950ల మధ్యలో థర్డ్ అవెన్యూ మీదుగా పోయే ఎత్తు రైలు మార్గాన్ని తీసేశాక, ఆ ప్రాంతానికీ, కళాకారుల పేటగా పేరున్న గ్రీనిచ్ విలేజ్ వైపుకూ మధ్య గోడలా ఉన్నది తొలగిపోయింది. 1960లలో ఆ ఉత్తర భాగం ఈస్ట్ విలేజ్ అయిపోయింది. భవనాలు అవే, మురికి మెట్లు అవే, ప్రకటనలో పేరు మారింది. 1990లలో లిటిల్ ఇటలీకి ఉత్తరాన నోలీటా వచ్చింది. ఇటాలియన్లు తగ్గిపోతున్న కాలంలో ‘లిటిల్ ఇటలీ’ పేరులో ముక్క తీసుకుని, లిటిల్ ఇటలీ కాదని చెప్పే పేరది.

బ్రూక్లిన్‌లో పాత ఇళ్లు కొని బాగు చేసుకున్న మధ్యతరగతి వాళ్లు ఇంకో దారి పట్టారు. కుదింపులు కాదు, చరిత్రలోంచి పేర్లు తవ్వారు. 18వ శతాబ్దపు మ్యాపుల్లో కోబుల్స్‌హిల్ అని ఉన్న మాటను పట్టుకుని 1950ల చివర కాబుల్ హిల్ అన్నారు. 1960లలో ఒకనాటి డచ్చి భూస్వామి కుటుంబం పేరు తీసుకుని బోరమ్ హిల్ అన్నారు. హిల్ అంటే కొండ కదా అని వెళ్లి చూస్తే అక్కడ నేల దాదాపు చదును. పక్కనే ఫ్యాక్టరీల వ్యర్థాలతో పేరు మోసిన గోవానస్ కాలువ. ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు’ అన్న సామెత గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది! రెడ్ హుక్‌లో భాగంగా ఉండి, హైవేతో దానినుంచి తెగిపోయిన ఇంకో ముక్క క్యారల్ గార్డెన్స్ అయింది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన మేరీలాండ్ నాయకుడు చార్లెస్ క్యారల్ పేరు అది. ఈ పేర్లన్నీ పాతవాటిలా వినిపిస్తాయి. పేటలుగా వాటి వయసు మాత్రం సోహోకు అటూ ఇటూగానే ఉంటుంది.

అన్నిసార్లూ కొత్త పేరే గెలుస్తుందని కాదు. మాన్‌హటన్ పడమటి వైపున హెల్స్ కిచెన్ అని ఒక పేట ఉంది, నరకపు వంటిల్లు. 1959లో అక్కడ ముఠా గొడవల్లో ఇద్దరు కుర్రాళ్లు హత్యకు గురయ్యాక, ఈ పేరు పోతే తప్ప మంచి రోజులు రావని స్థానిక సంఘాలవాళ్లు అనుకున్నారు. అక్కడి డెవిట్ క్లింటన్ పార్కు పేరు తీసుకుని క్లింటన్ అన్నారు. 1970లలో జోనింగ్ కాగితాల్లో కూడా క్లింటన్ డిస్ట్రిక్ట్ అనే ఎక్కింది. అయినా జనం నోట్లో హెల్స్ కిచెన్ పోలేదు. ఇప్పుడు హోటళ్లవాళ్లు కూడా గొప్పగా అదే పేరు చెప్పుకుంటారు. కాగితం ఉంది, మీటింగులు జరిగాయి, పేరు మాత్రం అంటలేదు. ట్రైబెకాలో ఖాళీ ఉంది కనుక కొత్త పేరు దూరింది. హెల్స్ కిచెన్‌లో ఖాళీ లేదు. పాత పేరు చెడ్డదైనా బతికే ఉంది, దాన్ని పలికే మనుషులు అక్కడే ఉన్నారు.

మనుషులు అక్కడే ఉండగా పేరు మార్చబోతే గొడవ అవుతుంది. 2017లో హార్లెమ్ దక్షిణ భాగాన్ని రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో సోహా అనడం మొదలైంది, ‘సౌత్ హార్లెమ్’ అని. హార్లెమ్ అంటే నల్లజాతి అమెరికన్ల సాహిత్యానికీ సంగీతానికీ రాజధాని లాంటిది. ఆ పేరుకు తోక కత్తిరించి అమ్మడమేమిటని జనం రోడ్డెక్కారు. ఇలా సొంతంగా పేర్లు పుట్టించి ఇళ్లు అమ్మకుండా ఆపాలని రాష్ట్ర సెనేట్‌లో ఒక బిల్లు కూడా పెట్టారు. 2011లో కూడా అలాంటి ప్రయత్నమే జరిగింది. అప్పటి వివాదం ప్రాస్పెక్ట్ హైట్స్, క్రౌన్ హైట్స్ కలిపి పుట్టించిన ప్రోక్రో గురించి. రెండూ చట్టాలు కాలేదు.

చట్టం చేయడం ఎందుకు కష్టమో కూడా చూడాలి. న్యూయార్క్‌లో 59 కమ్యూనిటీ డిస్ట్రిక్టులున్నాయి, వాటికి నంబర్లు, చట్టబద్ధమైన హద్దులు ఉన్నాయి. పేటలకు అవేమీ లేవు. ఏది సోహో, ఏది నోలీటా అని తేల్చే అధికారిక జాబితా సిటీ దగ్గర లేదు. జోనింగ్‌కు ఒక గీత, చారిత్రక కట్టడాలకు ఒక గీత, జనాభా లెక్కలకు ఇంకో గీత. అధికారికంగా అసలు పేరే లేని చోట తప్పుడు పేరు పెట్టారని కోర్టులో నిరూపించడం ఎలా? పేరుకు హక్కుదారు లేడు కనుక ఎవరైనా వాడుకోవచ్చు. హాంకాంగ్‌లో హాలీవుడ్ రోడ్డుకు దక్షిణాన ఉన్న రెస్టారెంట్ల వీధులు సోహో అయ్యాయి. బ్యూనస్ ఎయిరిస్‌లో హౌస్టనూ లేదు, దాని దక్షిణమూ లేదు, అయినా పలెర్మో సోహో ఉంది. అక్కడికి చేరేసరికి సోహో దిక్కు చెప్పడం మానేసి, ఇక్కడ బొటిక్‌లు, కాఫీ షాపులు ఉంటాయని చెప్పే గుర్తుగా మిగిలింది.

ఒకప్పుడు విలేఖరి చేసిన పనిని ఇప్పుడు ఫోన్లలోని మ్యాపులు చేస్తున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో రింకన్ హిల్ చుట్టుపక్కల ప్రాంతానికి అక్కడి ఒక సంఘం, బ్రాండింగ్ నిపుణులను పెట్టుకుని, ‘ఈస్ట్ కట్’ అని పేరు పెట్టించింది. గూగుల్ మ్యాప్స్‌లో ఆ పేరు కనబడేసరికి, ఇదెక్కడి పేరు, మేమెప్పుడూ వినలేదే అని 2018లో చాలామంది స్థానికులు ముక్కున వేలేసుకున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. డెట్రాయిట్‌లోనైతే ఫిస్క్‌హార్న్ అనే పాత పేట మ్యాపులో అక్షరాలు తారుమారై ఫిష్‌కార్న్ అయి కూర్చుంది. ఫుడ్ డెలివరీ వాడికీ, ట్యాక్సీ యాప్‌కీ, ఇల్లు వెతికే వెబ్‌సైటుకీ మ్యాపులో ఉన్నదే పేరు. 1970లలో ట్రైబెకా ఒక బ్లాక్ నుంచి పేట మొత్తానికి పాకడానికి కొన్నేళ్లు పట్టింది, మధ్యలో ఎవరైనా కాదనడానికి వ్యవధి ఉంది. ఇప్పుడు ఆ వ్యవధి ఒక యాప్ అప్‌డేట్ అంత.

ఇంతకీ ఆ అసలు త్రికోణం ఎక్కడికీ పోలేదు. పేట పేరు లాఫ్టుల మీదుగా, అంటే పాత గోదాముల అంతస్తుల్లో మలిచిన ఖరీదైన ఇళ్ల మీదుగా, పడమరకు, నది ఒడ్డుకు తరలిపోయింది కానీ, పేరు పుట్టిన బ్లాక్ ఆ మూల అలాగే ఉంది. దానికి వెనక వైపు లిస్పెనార్డ్ స్ట్రీట్. ముందు వైపు కెనాల్ స్ట్రీట్, ఎప్పుడూ ట్రాఫిక్, హారన్లు, అడుగు పెట్టడానికి చోటుండని పేవ్‌మెంట్. అక్కడ నేల మీద దుప్పటి పరిచి వీధి వ్యాపారులు హ్యాండ్‌బ్యాగులు అమ్ముతుంటారు. వాటిలో చాలావాటి మీద ఉన్న పేర్లు వాటివి కావు.